మోలీ టటిల్ కుడిచేతి గురించి కూడా రాయాల్సింది

అమెరికన్ గిటారిస్ట్, గాయని మోలీ టటిల్ మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ గ్రామీ అవార్డులు, నామినేషన్ల దగ్గరే ఆగిపోయారు. మోలీ టటిల్ ప్రత్యేకత అంతా ఆమె కుడిచేతిలో ఉంది. బాంజో వాయించేవాళ్ళ క్లాహామర్ పద్ధతిని ఆమె గిటార్ మీదికి తెచ్చుకుంది. తీగను వేలితో పైకి లాగదు. గోటి వెనక భాగంతో కిందికి కొడుతుంది, ఆ వెంటనే బొటనవేలు ఇంకో తీగను మీటుతుంది. దాంతో తాళం, రాగం రెండూ ఒకే చేతిలోంచి వస్తాయి. 2019 ఆల్బమ్‌లోని 'టేక్ ద జర్నీ' ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఆ చెయ్యి ఏం చేస్తోందో తెలుస్తుంది!

కాలిఫోర్నియాలో నాన్న దగ్గరే నేర్చుకుంది, ఆయన సంగీతం మాస్టారు. తర్వాత బాస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కాలేజీ, ఆపైన పాటల పరిశ్రమకు పేరున్న నాష్‌విల్ నగరం. 2017లో బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలు, గిటార్‌లతో సాగే అమెరికా జానపద శైలి సంగీతం) అసోసియేషన్ వాళ్ళ ఉత్తమ గిటారిస్ట్ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమే. మరుసటి ఏడాదీ ఆమెకే ఇచ్చారు. నా దృష్టిలో గ్రామీకన్నా ఇదే పెద్దది, ఎందుకంటే ఇచ్చింది ఆ సంగీతంలోనే మునిగి తేలేవాళ్ళు.

గిటార్ ఊసే ఎత్తలేదు మీరు. ఆమె ఎక్కువగా వాయించేది ప్రీ-వార్ అనే కంపెనీ చేసే డ్రెడ్‌నాట్ రకం గిటార్. 1930ల నాటి మార్టిన్ కంపెనీ గిటార్ల పద్ధతిలో నార్త్ కరోలినాలో చేస్తారు. పెద్ద బాడీ కాబట్టి మంద్రం నిండుగా పలుకుతుంది, ఫిడేలు, బాంజోల మధ్య కూడా వినపడుతుంది. కొత్త పాటల్లో పాప్ ఎక్కువైందని కింద కామెంట్లలో ఒకరిద్దరు బాధపడుతున్నారు. గొంతు పక్కన పెట్టి గిటార్ మీదే చెవి పెట్టండి, ఆ చెయ్యి ఏమీ మారలేదు.