2,350 చాలనుకున్నారు

1990లో దక్షిణ కొరియాలో ఒక టీవీ సీరియల్ వచ్చింది. దాని పేరులో మొదటి అక్షరం ‘త్తొమ్’. చేత్తో రాయాలంటే ఏ ఇబ్బందీ లేదు, బడిపిల్లలు కూడా రాసేస్తారు. అక్షరాలకు నంబర్లు ఇచ్చే దేశ ప్రమాణం ప్రకారం నడిచే కంప్యూటర్లో మాత్రం ఆ అక్షరం పడేది కాదు. 1987 నాటి ఆ ప్రమాణంలో దానికి చోటే లేదు.

15వ శతాబ్దంలో సెజోంగ్ రాజు తెచ్చిన కొరియా లిపి హంగుల్‌లో ముందు ఒక హల్లు, తర్వాత అచ్చు, అడుగున కావాలంటే ఇంకో హల్లు కలిసి ఒక అక్షరం అవుతాయి. ఇప్పటి వాడుకలో మొదటి హల్లుకు 19, అచ్చుకు 21, అడుగు హల్లుకు ఖాళీతో కలిపి 28 అవకాశాలు. గుణిస్తే 11,172. ప్రమాణం తయారుచేసినవాళ్లు వీటిలో ఎక్కువగా వాడే 2,350 మాత్రమే ఏరి, ఒక్కోదానికి ఒక నంబర్ ఇచ్చారు. మిగతా 8,822 బయటే ఉండిపోయాయి.

ఆ ప్రమాణపు పట్టికలో చోటు తక్కువన్నది నిజమే. కానీ అదే పట్టికలో చైనీస్ అక్షరాలకు 4,888 గళ్లు ఇచ్చారు. వాటిలో 268 గళ్లు కేవలం ఉచ్చారణ వేరని మళ్లీ ఎక్కించిన అక్షరాలవే! రూపం ఒక్కటే, చోటు మాత్రం ఒకటికి మించి. సొంత లిపిలోని అక్షరానికి లేని చోటు వీటికి దొరికిందంటే నాకు బాధగానే ఉంటుంది. తరచుగా వాడకపోయినంత మాత్రాన అక్షరం అక్కర్లేనిది అయిపోదు. అది ఎవరి పేరులోనైనా ఉండొచ్చు.

తర్వాత ప్రపంచ లిపులన్నిటికీ ఒకే పట్టికలో నంబర్లు ఇచ్చే ప్రమాణం యూనికోడ్ వచ్చింది. 1993 నాటి దాని 1.1 వెర్షన్‌లో హంగుల్ అక్షరాలు 6,656కి పెరిగాయి. కొరియా అంతటితో ఆగలేదు. 1996లో వచ్చిన 2.0లో మొత్తం 11,172కీ వరుసగా కొత్త చోటు దొరికింది. ఖరీదు మాత్రం పెద్దదే: పాత నంబర్లన్నీ రద్దయ్యాయి. ఒకసారి చేర్చిన అక్షరాన్ని ఇకపై కదపబోమని యూనికోడ్ మాటిచ్చింది ఆ తర్వాతే.

కొత్త వరుస ఎంత పద్ధతిగా ఉందో ‘హన్’ అనే అక్షరంతో చూడండి. లెక్క సున్నా నుంచి మొదలు. ‘హ’ 18వది, ‘అ’ సున్నా, అడుగున ‘న’ 4వది. 18ని 21తో గుణించి అచ్చు సంఖ్య కలిపితే 378. దాన్ని 28తో గుణించి 4 కలిపితే 10,588. వరుస మొదలయ్యే 44,032ని దీనికి చేరిస్తే 54,620. అదే ‘హన్’ నంబర్. పట్టిక వెతకాల్సిన పనే లేదు.

వాళ్లకు పదకొండు వేలు, మన తెలుగుకు 128 గళ్లేనా అని కొందరు అడుగుతారు. నిజానికి మనకు జరిగిన అన్యాయం ఏమీ లేదు. ‘స్త్రీ’ని ఆరు నంబర్లతో కూర్చుకుంటాం, ఏ సంయుక్తాక్షరమూ బయట మిగలదు. భారమంతా ఫాంట్ మీద, సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’తో ముడిపడిన ఒక వరుస ఐఫోన్లలో యాప్‌లను క్రాష్ చేసింది ఆ భారం సరిగా మోయకే.

కొరియాకు మిగిలిన తలనొప్పి వేరు. ‘హన్’ని ఒకే నంబర్‌తో రాయొచ్చు, మూడు ముక్కల నంబర్లతోనూ రాయొచ్చు. యూనికోడ్ లెక్కలో రెండూ ఒకటే. అయినా మ్యాక్‌లో ముక్కలుగా దాచిన ఫైల్ పేరు విండోస్‌కి వెళ్తే విడివిడి ముక్కలుగా కనిపిస్తుంది. వెతికితే, ఫైల్ కళ్లముందే ఉన్నా దొరకదు. పోల్చే ముందు రెంటినీ ఒకే రూపంలోకి మార్చుకునే పద్ధతి యూనికోడ్‌లోనే ఉంది, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దాన్ని వాడాలి. మనకూ అవసరమే: తెలుగులో ఐత్వాన్ని కూడా ఒక నంబర్‌తో రాయొచ్చు, రెండు నంబర్లతోనూ రాయొచ్చు.