సవరణ: సినిమా నిధులు, పెద్దబంకూరు నాణేలు

సినిమాల్లో పురావస్తు తవ్వకాల గురించి గత వారం రాసిన పోస్టులో ఒక వాక్యం తప్పు. "నిధి దొరకడం సినిమావాళ్ల కల్పన, నిజం తవ్వకాల్లో కుండ పెంకులే వస్తాయి" అన్నాను. మన పెద్దపల్లి పక్కన పెద్దబంకూరులోనే దాదాపు 22 వేల శాతవాహన నాణేల రాశి బయటపడింది. వరంగల్ వాడిగా ఈ సంగతి మరచి రాసినందుకు క్షమించండి.

అయితే అవి సినిమాలో మెరిసే బంగారం కాదు. శాతవాహనుల నాణేలు ఎక్కువగా సీసం, రాగి, మిశ్రమ లోహాలవి. వాటి విలువ ధరలో లేదు. ఏ మట్టి పొరలో దొరికాయి, పక్కన ఏముంది అన్నదే అసలు సమాచారం. అక్కడే కాల్చిన మట్టి ఒరల బావులు కూడా బయటపడ్డాయి. నాకైతే నాణేల కన్నా అవే ఎక్కువ చెబుతాయి, ఆ ఊరి మనుషులు నీళ్లు ఎలా తోడుకున్నారో తెలుస్తుంది కాబట్టి. సినిమా హీరో గునపంతో గోడ పగలగొట్టగానే ఆ పొరలన్నీ కలిసిపోతాయి. మళ్లీ చదవలేం.

ఇది పట్టించుకోవాల్సిన విషయం. గుప్త నిధుల ఆశతో మన పాత గుళ్లలో నందుల కింద, గర్భగుడిలో తవ్వేస్తున్నారు. దొరికిన నిధి దొరికినవాళ్లదే అనుకోవద్దు, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.