ఫ్లోరిడా చట్టం పేరుతో తిరుగుతున్న మెసేజ్‌లో మూడు తప్పులు

"అమెరికాలో ఫ్లోరిడా బడుల్లో కమ్యూనిజం చెప్పడం నిషేధించారు. మన సోషల్ పుస్తకాల్లో దాని దారుణాల మీద ఒక్క ముక్కా లేదు. అసెంబ్లీ ఒక చట్టం చేస్తే క్లాసులో పార్టీ పాఠాలు ఆగిపోతాయి." విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది.

నిషేధం అన్నది పచ్చి అబద్ధం. 2024 ఏప్రిల్‌లో ఫ్లోరిడా గవర్నర్ సంతకం చేసిన చట్టం, కమ్యూనిజం చరిత్రను 2026-27 నుంచి తప్పకుండా చెప్పాలంటోంది. 1961లోనే ఆ రాష్ట్రం హైస్కూళ్లలో దీనికి 30 గంటలు కేటాయించింది.

ఇక మన పుస్తకం. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్రలో రష్యా విప్లవం పాఠం చివరి పేజీలు తీయండి. రైతుల భూములన్నీ కలిపేసిన సమష్టి వ్యవసాయానికి ఎదురు తిరిగిన రైతులు తమ పశువులనే చంపుకున్నారు. 1929-31 మధ్య పశువులు మూడో వంతు తగ్గిపోయాయి. 1930-33 కరువులో 40 లక్షల మందికి పైగా చనిపోయారు. 1939 నాటికి 20 లక్షలకు పైగా జనం జైళ్లలో, శ్రమ శిబిరాల్లో ఉన్నారు. ఇవన్నీ అక్కడే అచ్చయి ఉన్నాయి. పరీక్షలో మాత్రం "విప్లవం ఏ సంవత్సరం?" అన్న బిట్టే పడుతుంది. పిల్లలు 1917 బట్టీపట్టి మిగతాది వదిలేస్తారు. లోపం పుస్తకంలో లేదు, ప్రశ్నపత్రంలో ఉంది.

చట్టం సంగతి. విద్య ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల అంశాల్లో, ఉంది కాబట్టి అసెంబ్లీ చట్టం చేయవచ్చు. కానీ ఎనిమిదో తరగతి దాకా పాఠ్యప్రణాళిక, మూల్యాంకన పద్ధతి ప్రభుత్వం నిర్దేశించిన విద్యా సంస్థ (అకడమిక్ అథారిటీ) నిర్ణయించాలని కేంద్రం చేసిన 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. దానికి విరుద్ధంగా రాష్ట్రం చట్టం చేస్తే, అది నిలవడానికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. అదీ దొరికిందనుకుందాం. తలుపు మూసిన క్లాసులో టీచర్ నోటి మాటను ఏ సెక్షన్ పట్టుకుంటుంది? ఫిర్యాదు భయంతో పాఠాన్నే దాటేసే ప్రమాదం ఎక్కువ.

పక్షపాతం తగ్గేది పాఠం చెప్పే తీరులో. బోర్డు మీద రెండు విరుద్ధ ఆలోచనలకు రెండు కాలమ్‌లు గీసి, రెండింటికీ అవే నాలుగు ప్రశ్నలు వేయాలి: భూమి ఎవరిది? ధర ఎవరు నిర్ణయిస్తారు? ఒప్పుకోనివాడికి ఏమవుతుంది? పాలకులను దింపే దారేది? ఉదాహరణలకు దూరం పోనక్కర్లేదు. ఒక కాలమ్ గన్నవరం నుంచి ఎమ్మెల్యేగా గెలిచిన కమ్యూనిస్టు పుచ్చలపల్లి సుందరయ్యది. రెండోది నిడుబ్రోలులో పుట్టి, సహకార సేద్యాన్ని వ్యతిరేకించి, 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడైన ఎన్.జి. రంగాది. పేర్లు ముందే రాస్తే, ఇంట్లో ఏ పార్టీయో ఆ కాలమ్‌నే పిల్లలు మెచ్చుకుంటారు. రెండు కాలమ్‌ల్లోనూ నాలుగేసి గళ్లు నిండాకే పేర్లు రాయాలి.