లొకేషన్ అడగకండి, లెక్క అడగండి

నవంబర్ వచ్చిందంటే మా పక్షుల గ్రూపుల్లో ఒకటే వరస. ఎవరో ఒక ఫోటో పెడతారు, కింద "లొకేషన్ ప్లీజ్", "అన్నా, పిన్ కొట్టు", "ఏ చెరువు సార్?" అని మొదలవుతుంది. మొన్న నేను పెట్టిన ఫోటో కింద కూడా అంతే. ఇవ్వనని చెప్పాను. దానికి ఒకాయన "పక్షులేమన్నా మీ తాతల ఆస్తా?" అన్నాడు. ఆ మాటకి చాలామంది లైక్ కొట్టారు. కోపంతో ఏదో రాయబోయి ఆగిపోయాను. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. పక్షి ఎవడి ఆస్తీ కాదు. కానీ పిన్ ఎందుకు ఇవ్వనో, దాని బదులు ఏం ఇస్తానో చెప్పాలంటే రెండు ముక్కల్లో అయ్యే పని కాదు. అందుకే ఈ పొడుగు పోస్ట్.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక డిసెంబర్ సాయంత్రం, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక బీడు భూమిలో నాకు పొట్టి చెవుల గుడ్లగూబ కనిపించింది. మన ఊళ్లో చెట్టు తొర్రల్లో ఉండే గుడ్లగూబలాంటిది కాదు. ఎక్కడో ఉత్తరాన గుడ్లు పెట్టి, చలికాలానికి ఇటు వస్తుంది. పగలు గడ్డిలో, నేల మీదే పడుకుంటుంది. నేను దాదాపు దాని మీద కాలేయబోయాను. ఎండుగడ్డి రంగు ఒళ్లు, పసుప్పచ్చ కళ్లు, ఆ కళ్ల చుట్టూ ఎవరో కాటుక దిద్దినట్టు నలుపు. రెండు నిమిషాలు అలా చూసుకున్నాం. నేనే మెల్లగా వెనక్కి అడుగులేసుకుంటూ వచ్చేశాను. అంతవరకూ బాగానే ఉంది. ఇంటికొచ్చాక సంతోషం పట్టలేక ఫోటోతో పాటు పిన్ కూడా గ్రూపులో పెట్టేశాను.

ఆదివారం మళ్లీ వెళ్తే అక్కడ తొమ్మిది కార్లున్నాయి. రోడ్డు మీద కాదు, గడ్డిలోనే. కొంతమంది వరసకట్టి గడ్డి తొక్కుకుంటూ నడుస్తున్నారు, ఎగిరే ఫోటో కోసం దాన్ని లేపడానికి. లేచింది. వెంటనే కాకులు వెంటపడ్డాయి. వంద గజాల అవతల దిగింది. మనుషులు అటు నడిచారు. మళ్లీ లేచింది. అరగంటలో ఐదుసార్లు. ఐదోసారి ఒక మట్టికుప్ప మీద వాలినప్పుడు బైనాక్యులర్స్‌లో చూశాను. ముక్కు తెరుచుకుని రొప్పుతోంది. వాళ్లని ఆపమని అడిగాను. "మీరు చూసేశారుగా, మమ్మల్ని చూడనివ్వరా?" అన్నాడొకతను. నా దగ్గర జవాబు లేదు. ఆ పిన్ పంపింది నేనే. తర్వాతి ఆదివారానికి గుడ్లగూబ లేదు. వేరే చోటు వెతుక్కుందో, ఇంకేమైందో. ఆ రోజు నుంచి నేల మీద పడుకునే పక్షిది గానీ, గూడు గానీ, గుడ్లగూబల చోటు గానీ ఎవరికీ పంపలేదు. గుడ్లగూబల విషయంలో ఇంకో భయం కూడా ఉంది. దీపావళి ముందు క్షుద్రపూజల పేరుతో వాటిని పట్టేవాళ్లున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అయినా జరుగుతూనే ఉంది.

"ఒక్కసారి ఎగిరితే ఏమవుతుంది?" అని అడిగేవాళ్ల కోసం ఇది. హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ పెద్దచెరువు ఒడ్డున జనవరిలో ఒక గంట కదలకుండా కూర్చోండి. గరిట లాంటి ముక్కున్న షవలర్ బాతులు పది పదిహేను కలిసి నీళ్ల మీద గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతుంటాయి. ముందున్నదాని కాళ్లు నీళ్లని కలిపితే అడుగు నుంచి చిన్న చిన్న పురుగులు పైకి లేస్తాయి, వెనకదాని ముక్కు వాటిని జల్లెడ పడుతుంది. ఆడా మగా అన్నీ తలలు దించుకుని తమ పనిలో ఉంటాయి. ఎవరో ఒకరు గట్టు దిగి నీళ్ల దాకా వచ్చారనుకోండి. మొదట చక్రం ఆగుతుంది. తర్వాత తలలు లేస్తాయి. తర్వాత మెల్లగా మధ్యకి ఈదడం, అక్కడా ఆగకపోతే ఎగిరిపోవడం. కొత్తవాళ్లకి ఎగిరినప్పుడే తెలుస్తుంది, పక్షి బెదిరిందని. నిజానికి చక్రం ఆగినప్పుడే దాని తిండి ఆగిపోయింది. ఫిబ్రవరి, మార్చిలో ఇవన్నీ తిరుగు ప్రయాణానికి ఒళ్లు చేసుకోవాలి. చారల తల బాతులు హిమాలయాలు దాటుతూ ఏడు వేల మీటర్ల పైన ఎగిరినట్టు శాస్త్రవేత్తలు ట్రాన్స్‌మిటర్లు కట్టి మరీ చూశారు. ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వు మన చెరువుల్లో, మన చేలల్లోనే పట్టాలి.

ఇంతవరకూ చదివి మా సీనియర్లు కొందరు తల ఊపుతుంటారు. "మేం ముందే చెప్పాం, అసలేదీ బయట పెట్టొద్దు" అంటారు. వాళ్ల ఫోటోల కింద "హైదరాబాద్ పరిసరాలు" అని తప్ప ఇంకేమీ ఉండదు. వాళ్లతోనూ నాకు గొడవే. ఇది ఇంకా పెద్ద గొడవ.

ఎందుకంటే పేరు లేని చెరువుని మింగెయ్యడం తేలిక. అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం అన్న గుర్తింపు వచ్చింది. నగర ప్రాంతంలో ఉన్న నీటి వనరుకి దేశంలో అలాంటి గుర్తింపు అదే మొదటిది. అక్కడ ఏయే పక్షులు వస్తాయో ఏళ్ల తరబడి చూసి రాసినవాళ్లు లేకపోతే ఆ చెరువు గురించి ఎవరు ఏమని వాదించేవాళ్లు? 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. ఆ రోజుల్లో యూనివర్సిటీ విద్యార్థుల చేతుల్లో ఉన్నది అక్కడి పక్షుల, జంతువుల జాబితా. అది ఒక్క రాత్రిలో తయారైంది కాదు. ఎవరో ప్రతి శని, ఆదివారాలు పొద్దున్నే లేచి రాసుకున్నది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1931, 32లలో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పటికి ఉస్మాన్‌సాగర్ కట్టి పదేళ్లు దాటింది, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. 1908 మూసీ వరద మళ్లీ రాకూడదని కట్టిన ఆ జలాశయాలు చలికాలం పక్షులకి కూడా ఆసరా అయ్యాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలకి హద్దు పెట్టిన 111 జీవో 1996లో వచ్చింది. దాన్ని ఎత్తేయాలా వద్దా అన్న చర్చలో భూమి రేట్లు అందరికీ నోటికి వస్తాయి. నీళ్ల మీద ఎన్ని బాతులున్నాయో మాత్రం మనలాంటివాళ్లు రాస్తేనే ఉంటుంది.

కాబట్టి నేను అడిగేది ఇది. చెరువు పేరు చెప్పండి, పొద చెప్పకండి. ఫోటో ఒక్కటే పెట్టి వదిలెయ్యకండి, ఆ గంటలో కనిపించినవన్నీ సంఖ్యలతో సహా ఈబర్డ్‌లో, అంటే పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఎక్కించండి. సంఖ్య తెలీదని 'ఎక్స్' పెట్టి వదిలేస్తే రేపు దానితో పోల్చడానికి ఏమీ ఉండదు. సుమారుగా రెండు వందలు అని రాసినా ఎంతో మేలు. కొన్ని పక్షుల చోటు ఈబర్డే బయటికి చూపించదు. ఆ జాబితాలో లేనివాటికి బాధ్యత మనది. మీరు ఎక్కించిన జాబితాని (చెక్‌లిస్ట్) జనానికి కనపడకుండా దాచే వీలుంది, పక్షి వెళ్లిపోయాక నెల తర్వాత ఎక్కించినా లెక్కలో చేరుతుంది. పాఠం కాదు ఇది, అలవాటు చేసుకుంటే పది నిమిషాల పని.

మామూలు పక్షుల లెక్క ఎందుకు అంటారా? ఒక చెరువులో నీళ్ల మీద తేలే నల్లటి బొల్లికోళ్లు వందల్లో ఉండి, బురద అంచున తిరిగే ఉల్లంకి పిట్టలు ఒక్కటీ లేకపోతే, ఆ చెరువుకి అంచు పోయిందని అనుమానించొచ్చు. చెరువు నిండుగా ఉంటే పక్షులన్నిటికీ పండగే అనుకుంటాం. ఉల్లంకి పిట్టకి కావలసింది అరచేయి లోతు నీళ్లు, మెత్తటి బురద. సుందరీకరణ పేరుతో చుట్టూ రాళ్లు పేర్చి, వాకింగ్ ట్రాక్ వేసి, ఒడ్డు నుంచే లోతు వచ్చేలా చేస్తే బురద అంచు అనేదే మిగలదు. చూడ్డానికి చెరువు ముచ్చటగా ఉంటుంది. జనవరిలో లెక్క చూస్తేనే ఏం పోయిందో తెలుస్తుంది. ఆసియా అంతటా ప్రతి జనవరిలో నీటి పక్షులని లెక్కపెట్టే గణన 1987 నుంచి నడుస్తోంది. ఎవరైనా చేరొచ్చు. అందులో బొల్లికోడికి, రాజహంసకి (ఫ్లెమింగో) ఒకటే విలువ, ఒక్కో అంకె.

ఈ బురద సంగతి నాకు చెప్పింది పుస్తకం కాదు. సింగూరు ప్రాజెక్టు వెనక నీళ్ల దగ్గర చేపలు పట్టే ఒక పెద్దమనిషి. చారల తల బాతుల కోసం నేను టెలిస్కోప్ బిగిస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. "గవి దీపావళి అయినంక వస్తయ్ సార్. రాత్రి శెనగ చేలల్ల మేసి, తెల్లారంగ నీళ్లకొస్తయ్. వానలు ఎక్కువ పడి ఒడ్డు మునిగిన ఏడు బురద పిట్టలు తక్కువుంటయ్" అన్నాడు. ఎన్నేళ్ల నుంచి చూస్తున్నావు కాకా అంటే, "మా నాయనతోని పుట్టి ఎక్కినప్పటి సంది" అన్నాడు. నేను ఆ నీళ్ల దగ్గరికి ఏడాదికి నాలుగుసార్లు వెళ్తాను. ఆయన రోజూ ఉంటాడు. నేను చూసినవి ఇంగ్లీషు పేర్లతో ఎక్కడో ఎక్కిస్తాను, ఆయనకి చేరవు. ఆయన చూసినవి నాకు చేరవు. ఇది నాకు ముల్లులా గుచ్చుకుంది.

అప్పటి నుంచి ఒక పని మొదలుపెట్టాను. వెళ్లిన ప్రతిచోటా ఆ రోజు లెక్కని తెలుగులో రాసి, అక్కడి వాళ్లలో ఎవరికైనా వాట్సాప్‌లో పంపుతాను. జక్కవలు 12, సూదితోక బాతులు 80, తీతువులు 6. ఈ జక్కవే మన పద్యాల్లో రాత్రయితే జంట విడిపోయి ఏడ్చే చక్రవాకం. అది చలికాలంలో సంగారెడ్డి దాకా వస్తుందని చెప్తే చదువుకున్నవాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. పేర్ల గురించి ఇంకొక్క మాట. ప్రపంచంలో పక్షి శాస్త్రం చదివేవాళ్లంతా 'పిట్ట' అని పిలిచే ఒక జాతి ఉంది. ఆ పేరు మన తెలుగు పిట్టే. పొన్నంగి పిట్ట నుంచి వెళ్లింది. హైదరాబాద్ మీదుగా అది వలస పోయే రోజుల్లో కేబీఆర్ పార్కులో చెట్ల కింద ఆకులు తిరగేస్తూ కనిపిస్తుంది. లోకమంతా మన మాట వాడుతుంటే, మనం మన చెరువు దగ్గర తెలుగులో ఒక జాబితా రాయడానికి మొహమాటపడుతున్నాం.

ఆ జాబితాలు పంపడం వల్ల ఏమైంది అంటే, పోయిన సంక్రాంతి అప్పుడు ఒక చెరువు కాడి కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మీరు రాసిన తీతువు ఒకటి మాంజాలో చిక్కుకుంది" అని. చైనా మాంజా నిషేధమే, అయినా తుమ్మకొమ్మలకి వేలాడుతూనే ఉంటుంది. నేను వెళ్లేసరికి గంట పడుతుంది. వాళ్లమ్మ చీర కొంగు కప్పి పట్టుకుంటే, వాడే బ్లేడుతో దారం ముక్కలు ముక్కలుగా కోసి తీశాడట. రెక్క తెగలేదు. సాయంత్రం దాకా బుట్ట కింద ఉంచి వదిలారు. నేను చేసింది ఏమీ లేదు, దాని పేరు రాసి పంపడం తప్ప.

ఆ గుడ్లగూబ బీడులో ఇప్పుడు లేఅవుట్ రాళ్లు పాతారు. అది తెలిశాక అక్కడి రికార్డులు వెతికాను. గుడ్లగూబ ఫోటోలు ఉన్నాయి, అన్నీ ఆ ఒక్క వారానివే. భరత పక్షులు ఎన్ని, కంజులు ఎన్ని, సాయంత్రం గడ్డి మీద తేలిపోయే హారియర్ డేగలు ఎన్ని, ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు. ఆ గడ్డిలో ఏం బతికిందో చెప్పడానికి నా దగ్గర కాగితం లేదు.

మొన్న నన్ను ఆస్తి గురించి అడిగిన ఆయనకి: పిన్ పంపను, అన్నా. ఈ ఆదివారం పొద్దున ఆరున్నరకి అమీన్‌పూర్ చెరువు గట్టు మీద ఉంటాను. బైనాక్యులర్స్ లేకపోయినా పర్లేదు, నా దగ్గర ఇంకొకటి ఉంది. చిన్న పుస్తకం, పెన్ను తెచ్చుకోండి, రంగు బట్టలు వద్దు. మీరు బొల్లికోళ్లు లెక్కపెట్టండి, నేను బాతులు చూసుకుంటాను.