ఒకే తండ్రి సమాధికి రెండు ద్వారాలు

1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రోనులో అబ్రాహాము సమాధికి యూదులు ఒక ద్వారం నుంచి, ముస్లింలు మరో ద్వారం నుంచి వెళ్తారు. దారిలో ఇజ్రాయెల్ సైనికుల తనిఖీలు. లోపలికి వెళ్లాక ఒకే సమాధిని అటువాళ్లు ఒక కిటికీలోంచి, ఇటువాళ్లు ఇంకో కిటికీలోంచి చూస్తారు. ఏడాదిలో 10 రోజులు భవనమంతా యూదులకు, మరో 10 రోజులు అంతా ముస్లింలకు వదులుతారు. మిగతా రోజుల్లో ఎవరి వాటా వారిది.

బైబిలు చదివినవాళ్లకు ఇది మక్పేలా గుహ. ముస్లింలకు ఇబ్రహీమీ మసీదు. భార్య శారా చనిపోతే అబ్రాహాము ఆ ఊరివాళ్ల ముందు సాగిలపడి, నేను మీ మధ్య పరదేశిని అని చెప్పుకుని, 400 తులాల వెండి తూచి ఇచ్చి ఆ పొలం కొన్నాడు. ఆయన పోయినప్పుడు ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ కలిసి అక్కడే పాతిపెట్టారని ఆదికాండం చెబుతుంది. యూదులు ఇస్సాకు సంతతి. అరబ్బులు తమను ఇష్మాయేలు సంతతిగా చెప్పుకుంటారు. అన్నదమ్ములు కలిసి మోసిన తండ్రి సమాధి దగ్గర నేడు వారి వారసుల మధ్య గోడ ఉంది.

ఆ గోడ ప్రాచీనమైనది కాదు. 1994 ఫిబ్రవరి 25న వచ్చిందనుకోవచ్చు. అది రంజాన్ నెల, శుక్రవారం. తెల్లవారుజామున నమాజులో ఉన్నవాళ్లపై బరూఖ్ గోల్డ్‌స్టీన్ అనే యూదు సెటిలర్ (ఆక్రమిత భూభాగంలో స్థిరపడినవాడు) వెనక నుంచి కాల్పులు జరిపి 29 మందిని చంపాడు. అతను పక్కనే ఉన్న కిర్యాత్ అర్బాలో వైద్యుడు. యూదు రాజ్యం నుంచి అరబ్బులను వెళ్లగొట్టాలని బోధించిన రబ్బీ మీర్ కహానే అనుచరుడు. ఇజ్రాయెల్‌కూ పాలస్తీనా విమోచన సంస్థకూ (పీఎల్ఓ) మధ్య కుదిరిన ఓస్లో శాంతి ఒప్పందంపై సంతకాలయి అప్పటికి ఆరు నెలలైనా కాలేదు. ప్రధాని ఇట్జాక్ రబిన్ ఆ హత్యాకాండను తీవ్రంగా ఖండించారు. హెబ్రోను నడిబొడ్డున ఉన్న సెటిలర్లను ఖాళీ చేయించాలని ఆలోచించి, చివరికి వెనక్కి తగ్గారు. కర్ఫ్యూ మాత్రం పాలస్తీనీయుల మీద పడింది. ఓస్లో శాంతికి అసలు ఓటమి ఆ రోజే మొదలైందని నా నమ్మకం. ఉన్మాదికి మూల్యం చెల్లించాల్సి వస్తుందని చూపించే అవకాశం ప్రభుత్వం చేతికి వచ్చి జారిపోయింది.

ఆ తర్వాత జరిగిందంతా ఒకరి పని ఒకరు పూర్తి చేసిపెట్టడమే. కాల్పులు జరిగిన 40 రోజులకు ఇజ్రాయెల్ పట్టణం అఫూలాలో పాలస్తీనా ఇస్లామిక్ సాయుధ సంస్థ హమాస్ ఆత్మాహుతి దాడి చేసి 8 మందిని చంపింది. హెబ్రోనుకు ప్రతీకారమని చెప్పుకుంది. 1995 నవంబర్ 4న టెల్ అవీవ్‌లో శాంతి సభ ముగించుకుని కారెక్కబోతున్న రబిన్‌ను యిగాల్ అమీర్ అనే మతవాద విద్యార్థి కాల్చి చంపాడు. యూదుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవాడిని చంపవచ్చని మతశాస్త్రంలోనే ఉందని సమర్థించుకున్నాడు. రబిన్ స్థానంలోకి వచ్చిన షిమోన్ పెరెస్ ఎన్నికల్లో సునాయాసంగా గెలుస్తారని అందరూ అనుకున్నారు. 1996 ఫిబ్రవరి, మార్చిలో బస్సుల్లో, వీధుల్లో వరుసగా పేలిన హమాస్ బాంబులు ఆ లెక్క మార్చేశాయి. మే నెలలో నెతన్యాహు 30 వేల లోపు ఓట్ల తేడాతో ప్రధాని అయ్యారు. ఓస్లోను ద్వేషించిన యూదు ఛాందసులకు కాగల కార్యం గంధర్వులే తీర్చారు.

2002లోనూ అదే జరిగింది. 1967లో ఆక్రమించిన భూభాగం నుంచి ఇజ్రాయెల్ తప్పుకుంటే అరబ్ దేశాలన్నీ దానితో సాధారణ సంబంధాలు పెట్టుకుంటాయన్న ప్రతిపాదనను బీరూట్‌లో జరిగిన అరబ్ దేశాల శిఖరాగ్ర సభ మార్చి 28న ఆమోదించింది. అంతకు ముందురోజు రాత్రి ఇజ్రాయెల్ నగరం నెతన్యాలో పస్కా పండుగ భోజనానికి కూర్చున్నవాళ్ల మధ్య హమాస్ బాంబర్ తనను తాను పేల్చుకున్నాడు. 30 మంది చనిపోయారు. బీరూట్ ప్రతిపాదన గురించి ఇజ్రాయెల్‌లో వినే ఓపిక ఎవరికీ మిగల్లేదు. మార్చి 29న ఇజ్రాయెల్ సైన్యం వెస్ట్ బ్యాంక్ నగరాల్లోకి దూసుకెళ్లింది.

ఈ రెండు ఛాందసాల పునాది ఒకటే. 1988 నాటి హమాస్ చార్టర్ పాలస్తీనా నేలంతా ప్రళయదినం దాకా వక్ఫ్, అంటే దేవుడికి అంకితమైన ఆస్తి అంటుంది, అందులో అంగుళం వదులుకునే హక్కు ఏ మనిషికీ లేదంటుంది. 1974లో పుట్టిన సెటిలర్ల మత ఉద్యమం గుష్ ఎమునీమ్ ఆ నేలే దేవుడు యూదులకు ఇచ్చిన వాగ్దానమనీ, దాన్ని వదులుకోవడం పాపమనీ బోధించింది. భూమి మనుషులదైతే బేరం కుదురుతుంది, కొలతలు వేసుకోవచ్చు, బదులుగా ఇంకోటి అడగవచ్చు. దేవుడిదని తేల్చేశాక సంతకం పెట్టేవాడు ద్రోహి అవుతాడు.

పునాది ఒకటే అయినా బలం ఒకటి కాదు. ఈ విషయం దాటవేసి రెండు పక్షాలనూ సమానంగా తిట్టడం నిజాయితీ కాదు. ఓస్లో నాటికి వెస్ట్ బ్యాంక్‌లో సెటిలర్లు లక్షా పది వేల దాకా ఉండేవారు. తూర్పు జెరూసలేంను లెక్కలోకి తీసుకోకుండానే నేడు 5 లక్షలు దాటారు. చర్చలు నడిచిన ఏళ్లలోనూ, ఆగిన ఏళ్లలోనూ ఇళ్లు కడుతూనే ఉన్నారు. కహానే పార్టీని ఒకప్పుడు ఇజ్రాయెలే ఎన్నికల నుంచి బహిష్కరించింది, తర్వాత ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. ఆ పార్టీ యువజన విభాగంలో పెరిగి, ఏళ్ల తరబడి ఇంట్లో గోల్డ్‌స్టీన్ ఫొటో పెట్టుకున్న ఇతమార్ బెన్ గ్విర్ 2022 డిసెంబరులో జాతీయ భద్రతా మంత్రి అయ్యాడు. పోలీసు శాఖ అతని చేతికొచ్చింది. పాలస్తీనా రాజ్యం ఏర్పాటుకు వ్యతిరేకంగా 2024 జులైలో పార్లమెంటు 68-9 ఓట్లతో తీర్మానం చేసింది.

2023 అక్టోబర్ 7న హమాస్ దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా ఎత్తుకెళ్లింది. ఆ దాడికి పెట్టుకున్న పేరులోనే జెరూసలేంలోని అల్ అక్సా మసీదు ఉంది. బదులుగా ఇజ్రాయెల్ సాగించిన యుద్ధంలో, 2025 అక్టోబర్ కాల్పుల విరమణ నాటికి, 67 వేల మందికి పైగా చనిపోయారని గాజా ఆరోగ్య శాఖ లెక్క. అందులో వేలాది పిల్లలు. ఈ అంకెల తర్వాత సహజీవనం అనే మాట ఎత్తడానికి నోరు రాదు. అయినా జోర్డాన్ నదికీ మధ్యధరా సముద్రానికీ మధ్య యూదులు 70 లక్షలకు పైగా, పాలస్తీనీయులు 70 లక్షలకు పైగా ఉన్నారు. ఎవరూ ఎక్కడికీ పోరు.

మరి దారి ఏది? మతాన్ని పక్కన పెడితే సరిపోతుందని లౌకికవాదులు చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఓస్లో అదే చేసింది. సైనికాధికారులు, దౌత్యవేత్తలు, న్యాయవాదులు బల్ల చుట్టూ కూర్చున్నారు. భక్తులను బయట నిలబెట్టారు. బయట నిలబడ్డవాళ్ల దగ్గరికి హమాస్, కహానే శిష్యులే వెళ్లారు. దేవుడి పేరు మీద మాట్లాడే హక్కు మొత్తం వాళ్లకే దక్కింది.

నిజానికి రెండు సంప్రదాయాల్లోనూ వేరే గొంతులున్నాయి. ఇజ్రాయెల్‌లోని మత పార్టీ షాస్‌కు గురువైన రబ్బీ ఒవడియా యోసెఫ్ 1970ల చివర్లోనే, ప్రాణాలు కాపాడేటట్లయితే భూమి వదులుకోవచ్చని తీర్పు చెప్పారు. ఒక ప్రాణాన్ని నిలబెట్టడం కోసం దాదాపు ఏ ధర్మాజ్ఞనైనా పక్కన పెట్టవచ్చన్నది యూదు ధర్మంలో బలమైన సూత్రం. అరబ్బులపై ఆయన తర్వాత అన్న దారుణమైన మాటలు నాకు గుర్తున్నాయి, కానీ ఆ తీర్పు విలువ తగ్గదు. ఇటు ఇస్లాంలో శత్రువుతో దీర్ఘకాల సంధికి హుద్నా అన్న పద్ధతి ఉంది. హుదైబియాలో ప్రవక్త స్వయంగా పదేళ్ల సంధి చేసుకున్నారు. హమాస్ వ్యవస్థాపకుడు షేక్ అహ్మద్ యాసీన్ కూడా ఆ మాట ఎత్తాడు. ఆయుధాలు పోగేసుకోవడానికి గడువు అడుగుతున్నాడని ఇజ్రాయెల్ అనుమానించింది, ఆ అనుమానం అన్యాయమేమీ కాదు. కానీ మత భాషలో పుట్టిన ప్రతిపాదనను మత భాషలోనే పరీక్షించగలిగినవాళ్లు చర్చల బల్ల దగ్గర ఒక్కరూ లేరు.

అలాంటివాడు ఒకడు మాత్రం తెకోవా సెటిల్మెంట్‌లో ఉండేవాడు. రబ్బీ మెనాఖెమ్ ఫ్రోమన్. గుష్ ఎమునీమ్ మనిషే. ఈ నేల పవిత్రమని నమ్మినవాడే, అందుకే దాన్ని పంచుకోవాలన్నాడు. యాసీన్‌తోనూ, పీఎల్ఓ నాయకుడు అరాఫత్‌తోనూ మాట్లాడాడు. 2010లో బెత్లెహేం దగ్గరి బైత్ ఫజ్జార్‌లో మసీదుకు ఎవరో నిప్పుపెడితే, కాలిపోయిన ఖురాన్‌ల బదులు కొత్త ప్రతులు పట్టుకుని తోటి సెటిలర్లతో ఆ ఊరికి వెళ్లాడు. 2013లో చనిపోయాడు.

అధికార రాజకీయాల్లోనూ ఒక ఉదాహరణ ఉంది. 2021 మే నెలలో లోద్, అక్రే వంటి నగరాల్లో యూదులు, అరబ్బులు ఒకరి ఇళ్లు ఒకరు తగలబెట్టుకున్నారు. మరుసటి నెలలోనే ఇస్లామిక్ ఉద్యమం నుంచి వచ్చిన మన్సూర్ అబ్బాస్, నెత్తిన కిప్పా (యూదు భక్తుల చిన్న టోపీ) పెట్టుకునే కొత్త ప్రధాని నఫ్తాలీ బెనెట్‌తో కలిసి ప్రభుత్వంలో భాగమయ్యాడు. స్వతంత్ర అరబ్ పార్టీ పాలక సంకీర్ణంలో చేరడం ఇజ్రాయెల్ చరిత్రలో అదే మొదటిసారి. ఏడాదికే కూలిందని తీసిపారేస్తారు. అరబ్ బస్తీల్లో నేరాలు, ఇళ్ల అనుమతులు, నిధుల గురించి ఇద్దరు మతవాదులు ఏడాది పాటు ఒకే బల్ల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. నాకు అది చిన్న సంగతిగా కనిపించదు.

అయితే అబ్బాస్ పౌరుడు, ఓటు ఉన్నవాడు. హెబ్రోనులో పాలస్తీనీయుడికి అది లేదు. అతను సైనిక చట్టం కింద బతుకుతాడు, పక్కింటి సెటిలర్ పౌర చట్టం కింద. ఈ తేడా ఉన్నంతకాలం మత పెద్దలు చేతులు కలిపి ఫొటోలు దిగినా ఆ సమాధి దగ్గరి గోడలో ఒక్క రాయి కదలదు. సెటిల్మెంట్లు ఆగాలి. మసీదు తగలబెట్టినవాడినీ, బస్సు పేల్చినవాడినీ ఒకే చట్టం శిక్షించాలి. గాజాలో తుపాకీ హమాస్ చేతిలో ఉండకూడదు. ఇవి రబ్బీలూ ఇమాములూ చేయగలిగే పనులు కావు. కానీ చేయబోయే నాయకుడిని ద్రోహి అని ముద్రవేసినప్పుడు, కాదు, ఇది ధర్మసమ్మతమే అని ఆ మతం లోపలి నుంచే చెప్పేవాళ్లు కావాలి. రబిన్ పక్కన అలా గట్టిగా నిలబడినవాళ్లు చాలా తక్కువ.

హెబ్రోనులోనే 1929 ఆగస్టులో, యూదులు అల్ అక్సాను ఆక్రమించబోతున్నారన్న పుకారు విని గుంపులు ఎగబడి 67 మంది యూదులను చంపాయి. సెటిలర్లు ఆ సంగతిని తరతరాలుగా పిల్లలకు చెబుతూ వస్తున్నారు, చెప్పాల్సిందే. అదే రోజు అదే ఊళ్లో అరబ్ కుటుంబాలు యూదు ఇరుగుపొరుగును తమ ఇళ్లలో దాచి, గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి వందలాది మందిని బతికించాయి. వాళ్లు అబ్రాహామును ఇబ్రహీం అని పిలిచి, ఆ సమాధి దగ్గరే నమాజు చేసుకునేవాళ్లు.