90 రోజుల నోటీస్ పీరియడ్ గారికి

అయ్యా నోటీస్ పీరియడ్ గారూ,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ, మీ కుశలమే తప్ప నా కుశలం చెప్పుకునేంతగా ఏం లేదు.

రెండేళ్ళ క్రితం గచ్చిబౌలిలో ఒక కంపెనీ వాళ్ళు మూడు రౌండ్లు ఇంటర్వ్యూ చేసి, జీతం కూడా తేల్చేసి, చివర్లో ఎప్పుడు జాయినవుతారని అడిగితే మీ పేరు చెప్పాను, రాజీనామా చేశాక కూడా 90 రోజులు ఇక్కడే పనిచేసి కదలాలని. ఆ ఫోను మళ్ళీ మోగలేదు. డబ్బులు కట్టేసి తొందరగా పోతానండీ అని మా మేనేజర్ని బతిమాలితే, కుదరదు, నువ్వు లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుందన్నాడు. (నమ్మాను కూడా. ఆ రాత్రి మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.)

మొన్న అదే ప్రాజెక్టు నేను లేకుండా నడవడానికి 12 నిమిషాలు పట్టింది. మంగళవారం పొద్దున కాల్‌కి రమ్మన్నారు, హెచ్ఆర్ అమ్మాయి ఏదో చూసి గబగబా చదివేసింది, కాల్ అయ్యేసరికి లాప్‌టాప్ లాక్. కప్పులో టీ ఇంకా చల్లారలేదు. ఆ రోజు మీరెక్కడికి పోయారండీ? అడిగితే మీ బదులు డబ్బులిస్తామన్నారు, అదీ బేసిక్ మీద లెక్కగట్టి. నా జీతంలో బేసిక్ అంటే విస్తట్లో ఉప్పు పాటిది.

పైగా తీసేసేది వాళ్ళు, రాజీనామా మెయిల్ పెట్టాల్సింది నేను. పెడితే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా వస్తుందట. ఉద్యోగం తీసేస్తే ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలని పాత పారిశ్రామిక వివాదాల చట్టం కాలం నుంచీ ఉంది కదా అంటే, అది కార్మికులకండీ, మీరు టీమ్ లీడ్ కదా అన్నారు. ఐదుగురి లీవులు అప్రూవ్ చేసే బటన్ ఒకటి నా దగ్గరుండేది, దాంతో నేను యాజమాన్యం అయిపోయానన్నమాట! పోయేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే గ్రాట్యుటీకి 5 ఏళ్ళు నిండాలి, నాకు 4 ఏళ్ళ 2 నెలలు. మీ 90 రోజులు కలిపినా చాలవు.

మా నాన్నకి నోటీసంటే సొసైటీ వాళ్ళు పంట అప్పుకి పంపేది. ఫోన్లో చెబితే, "వాళ్ళైనా ముందు కాగితం పంపి తర్వాత ఇంటికొస్తార్రా" అన్నాడు. ఆ కాల్‌తోనే గ్రూపు ఇన్సూరెన్సు కూడా పోయిందని, వచ్చే నెల ఆయన కంటి ఆపరేషన్ దాని మీదే పెట్టుకున్నామని మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు రోజుకి నాలుగు ఫోన్లు. మొదటి ప్రశ్న మీ గురించే. "నోటీస్ పీరియడ్ ఎంత సార్?" లేదమ్మా, రేపు రమ్మన్నా వస్తానంటే అటువైపు గొంతు మారిపోతుంది. ఇమ్మీడియట్ జాయినర్లే కావాలని ప్రకటనలో వాళ్ళే రాస్తారు, తీరా దొరికితే వీడిలో ఏదో లోపముందని అనుమానం. పెళ్ళి సంబంధానికి అవతలివాళ్ళు వెంటనే సరేనంటే ఊళ్ళో ఆరా తీస్తారే, అట్లా. తర్వాత రెండో ప్రశ్న, రాజీనామా ఎందుకు చేశారని. ఏం చెప్పను, మెయిల్ నేనే పెట్టాను కదా.

నిన్న మాదాపూర్ నుంచి ఒక ఆఫర్ లెటర్ వచ్చింది. జీతం తగ్గింది, పర్లేదు. ఏడో పేజీలో మీరు కనపడ్డారు. మొదటి 6 నెలలు ప్రొబేషనట, వాళ్ళు పంపాలంటే 7 రోజులు, నేను పోవాలంటే 90. రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. ఇన్సూరెన్సులో తల్లిదండ్రులకి మొదటి రోజు నుంచే కవరేజీ ఉంది.

ఇట్లు,
మీ పాత పరిచయస్తుడు