సంతకానికి ముందు అడగాల్సిన మాట

రిటైర్మెంట్ డబ్బు ఖాతాలో పడి వారం తిరక్కుండానే బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. 'మాస్టారూ, మీకు సరిపోయే పెన్షన్ ప్లాన్ ఒకటుంది, ఓసారి రండి' అంటారు. వెళ్తే కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేయిస్తారు. ఇది అమ్మితే మీకెంత వస్తుందని మాస్టారు అడగరు. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం.

ఆ మొహమాటం ఖరీదు లెక్కగడదాం. నెలకు 5,000 రూపాయల చొప్పున 30 ఏళ్లు కడితే అసలు 18 లక్షలు. ఏటా 10 శాతం రాబడి వస్తే చేతికందేది సుమారు కోటీ 13 లక్షలు. చార్జీల కింద ఒక్క శాతం పోయి 9 శాతమే మిగిలితే 91 లక్షల 50 వేలు. తేడా 21 లక్షల పైమాటే, కట్టిన అసలు కన్నా ఎక్కువ! 'ఒక్క శాతమే కదా సార్' అనేవారు ఈ లెక్క వేసి చూపించరు.

ఏజెంట్లందరినీ మేము తప్పుపట్టడం లేదు. నామినీ పేరు సరిచూసి, మార్కెట్ పడినప్పుడు తొందరపడొద్దని చెప్పే మనిషి ఫీజుకు అర్హుడే. ఆ ఫీజు ఎంతో తెలియనివ్వకపోవడమే అన్యాయం.

మ్యూచువల్ ఫండ్లలో పరిస్థితి కాస్త నయం. కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి ఉన్నాయి. ఫండ్లు అమ్మిపెట్టే డిస్ట్రిబ్యూటర్‌కు ముట్టిన సొమ్మును ఆరు నెలలకోసారి పంపే స్టేట్‌మెంట్‌లో రూపాయల్లోనే చూపాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2016లో ఆదేశించింది. మీ ఈమెయిల్‌లో తెరవకుండా పడి ఉన్న ఆ స్టేట్‌మెంట్‌ను ఈ రోజే తెరవండి. జాతీయ పెన్షన్ పథకమైన ఎన్‌పీఎస్‌లో ఫండ్ నిర్వహణ రుసుము ఏడాదికి శాతంలో పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. ఏ ప్లాన్ చూపించినా ముందు దానితో పోల్చి చూడండి.

బేరం ఎక్కడ ఆడాలో కూడా తెలియాలి. షేర్ల బ్రోకరేజీకి సెబీ పెట్టింది గరిష్ఠ పరిమితి మాత్రమే. అంతకన్నా ఎంత తగ్గించాలన్నది మీరూ బ్రోకరూ మాట్లాడుకునే విషయం, కాబట్టి అడగండి. బీమా పెన్షన్ ప్లాన్లలో అలా కుదరదు. ఏజెంటు తన కమీషన్‌లో వాటా వెనక్కిస్తాననడం 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం నేరం, దాన్ని పుచ్చుకోవడమూ తప్పే.

అందుకే బీమా నియంత్రణ సంస్థను మేము ఒకటే కోరుతున్నాం. అమ్మేవారికి దక్కే కమీషన్‌ను రూపాయల్లో, తెలుగులో, సంతకం పెట్టే పేజీలోనే అచ్చువేయించాలి. ఆరు నెలల తర్వాత తెలిసి లాభం లేదు, పెన్ను చేతిలో ఉన్నప్పుడే తెలియాలి.

ఇప్పటికే సంతకం చేసినవారికీ ఒక దారి ఉంది. పాలసీ పత్రం చేతికందిన 30 రోజుల్లోగా వద్దని రాసిస్తే స్టాంపు డ్యూటీ వంటి కొద్దిపాటి ఖర్చులు మినహాయించి డబ్బు తిరిగివ్వాల్సిందే. మాస్టారూ, బీరువాలో పెట్టిన ఆ కవరు మీద తేదీ చూడండి.